డాబా మీద 12 అడుగుల పడవ, 30,000లో అవుతుందా?

మధురవాడ_డాబా: 6 మిల్లీ ప్లైవుడ్ కోసి, అంచులు రాగి తీగతో కుట్టి, అతుకుల మీద ఫైబర్ క్లాత్, రెసిన్ (ఆరాక గట్టిపడే జిగురు ద్రవం) వేద్దామని ప్లాన్. భీమిలి దగ్గర గోస్తని నదిలో ఇద్దరం తిరగడానికే, సముద్రంలోకి వెళ్లం. ఏ ప్లై, ఏ రెసిన్ కొనాలి? పర్మిషన్ ఎవరిని అడగాలి?

కంచరపాలెం_ఉలి: షీటు మీద "మెరైన్" అని రాసుంటే చాలదు, ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి భారతీయ ప్రమాణం) ముద్ర చూడండి. ఒక ముక్క కోసి మరగబెట్టండి. 710 ప్లై 72 గంటలు మరిగినా పొరలు ఊడకూడదు. నేను కొన్నది సాయంత్రానికే విచ్చుకుంది. అప్పటికి షీట్లన్నీ కోసేశాను, డబ్బంతా పోయింది.

గాజువాక_ఫైబర్: ఎపాక్సీ రెసిన్ జోలికి పోకండి, మీ బడ్జెట్‌కి అందదు. పాలిస్టర్ రెసిన్ చాలు. హార్బర్‌లో ఫైబర్ బోట్లన్నీ దాంతో చేసినవే. 15 ఏళ్లుగా నా పని ఇదే.

కంచరపాలెం_ఉలి: అవి అచ్చులో పోసిన బోట్లు గురూ, లోపల చెక్క ఉండదు. చెక్కకి పాలిస్టర్ సరిగ్గా పట్టదు. తడి తగిలితే పెచ్చులుగా లేస్తుంది.

గాజువాక_ఫైబర్: పట్టేలా చెయ్యడం రానివాళ్లకి లేస్తుంది. ఒక్క పడవా పూర్తి చెయ్యని మనిషి నాకు నేర్పుతాడా?

సీతమ్మధార_రమ: ఇద్దరూ ఆగండి. తేలడానికని సీటు కింద థర్మోకోల్ పెట్టి పైన పాలిస్టర్ పోశాం. కళ్ల ముందే కరిగి గుంట పడింది. ఎపాక్సీ అయితే కరగదు. కాకపోతే ఎండలో రెసిన్, హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) మగ్గు నిండా కలిపితే పొగలొచ్చి గడ్డకడుతుంది. కొంచెం కొంచెం కలిపి వెడల్పు ట్రేలో పరుచుకోండి. మన ఉక్కపోతకి పైన జిడ్డు పొర తేలుతుంది, నీళ్లతో రుద్ది కడిగాకే రెండో కోటు. లైఫ్ జాకెట్లు 30,000లో కలిపారా?

పెదజాలారిపేట_అల: కుట్టడం ఏదో కొత్త పద్ధతిలా రాస్తున్నారు. మా తాత పడవలో ఒక్క మేకు లేదు. పలకల సందుల్లో గడ్డి పెట్టి కొబ్బరి తాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకి పగిలేది, కుట్టిన పడవ వంగి లేచేది.

గాజువాక_ఫైబర్: ఇప్పుడు తాడు పడవలెవరికి కావాలి?

పెదజాలారిపేట_అల: మాటలు జాగ్రత్త. ఆ పడవ మీద వల లాగే మా నాన్నని చదివించారు.

అక్కయ్యపాలెం_మేడ: డాబా మీద కడితే కిందికెలా దింపుతారో ముందే చూసుకోండి. మాది మెట్ల మలుపులో తిరగలేదు, ఆరుగురం తాళ్లు కట్టి గోడ మీంచి దించాం. ఇంకోటి, పడవని బోర్లించి పిల్లర్లకి కట్టాలి. 2014లో హుద్‌హుద్ వచ్చిన రోజు మా పాత పడవ ఎగిరి పక్కవాళ్ల వాటర్ ట్యాంక్ మీద పడింది.

కంచరపాలెం_ఉలి: ఇంతకీ 8 అడుగుల షీటుతో 12 అడుగులు ఎలా? రెండు షీట్ల అంచులు ఏటవాలుగా చెక్కి అతకాలి, ఏటవాలు పొడవు మందానికి 8 రెట్లు. 6 మిల్లీకి 48 మిల్లీ.

మధురవాడ_డాబా: 710 ముక్క తెచ్చాను, పొయ్యి మీద ఉంది. ఎపాక్సీయే కొంటాను, అతుకుల వరకే క్లాత్ వేస్తే సరిపోయేలా ఉంది. పర్మిషన్ సంగతి ఎవరూ చెప్పలేదు, తెలిసినవాళ్లు రాయండి. అల గారూ, ఆ కుట్టు ఎలా వేస్తారో చూడొచ్చా?

పెదజాలారిపేట_అల: ఆదివారం పొద్దున్నే రండి. మా పెదనాన్నకి చేతులు వణుకుతాయి గానీ కుట్టు మర్చిపోలేదు. తీగ కాదు, తాడు తెచ్చుకోండి.