గర్భిణికి ఆపరేషన్ తరువాత ఆక్సిజన్: 93 ఎందుకు చాలదు?

ప్రశ్న (మద్దిలపాలెం, విశాఖ):
మా ఆవిడకు ఏడో నెల. నాలుగు రోజుల క్రితం అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. మర్నాడు ఆయాసపడుతుంటే వేలికి పెట్టిన ఆక్సీమీటర్‌లో (రక్తంలో ఆక్సిజన్ శాతం చూపేది) 93 కనిపించిందని ముక్కుకు గొట్టాలు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. 97కు చేరాక మెల్లగా తగ్గించి తీసివేశారు. చుట్టల వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న మా నాన్నగారికి 90 ఉన్నా చాలంటారు. మరి ఈమెకు 93 ఎందుకు చాలలేదు? ఇచ్చినవారు, బిడ్డ కోసమైనా ఇంకొన్నాళ్లు ఎందుకు ఉంచలేదు?

జవాబు 1 (మత్తు వైద్యుడు):
మీ నాన్నగారి లెక్క వేరండీ. ఆ జబ్బులో ఆక్సిజన్ ఎక్కువైతే బొగ్గుపులుసు వాయువు పేరుకుపోవచ్చు. గర్భిణికి 95కు తగ్గకుండా చూస్తాం. నెలలు నిండేకొద్దీ ఊపిరి వదిలాక లోపల మిగిలే గాలి సుమారు 20 శాతం తగ్గుతుంది, ఆక్సిజన్ ఖర్చేమో అంతకంతకూ పెరుగుతుంది. దానికి తోడు కోత నొప్పికి గట్టిగా ఊపిరి తీయలేకపోతే ఊపిరితిత్తుల అడుగు భాగాలు ముడుచుకుపోతాయి. 97 దగ్గర తల్లి రక్తం దాదాపు నిండినట్టే కనుక, ఆపైన ఇచ్చినా బిడ్డకు చేరేది స్వల్పమే. అసలు ఆయాసం ఎందుకు వచ్చిందన్నదే ముఖ్యం: న్యుమోనియా, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ వంటివి ఉంటే ఆక్సిజన్ వాటిని మాన్పదు.

జవాబు 2 (స్టాఫ్ నర్సు, గాజువాక):
అంకెను ఒక్కసారి చూసి నమ్మకండి. సీమంతానికి గోళ్లకు ముదురు రంగు వేసుకొచ్చిన ఒకావిడకు 89 చూపించింది. రంగు తుడిచి, చల్లబడిన వేలిని అరచేతిలో పెట్టుకుని వెచ్చబరిచి చూస్తే 96. వెల్లకిలా పడుకోనివ్వకండి, గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాల మీద పడుతుంది. ఎడమ పక్కకు తిప్పి వీపు వెనుక దిండు పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. గడ్డ అన్నారు కనుక అడుగుతున్నాను: ఎడమ పిక్క లాగేస్తోందని నిన్నటి నుంచి అంటోంది, కాస్త వాచింది కూడా. పడుకునే ఉండడం వల్ల అనుకున్నాం. సాయంత్రం డ్రెస్సింగ్‌కు వెళ్లినప్పుడు చూపిస్తే సరిపోతుందా?

జవాబు 1:
సాయంత్రం దాకా ఆగకండి. పిక్కలో రక్తపు గడ్డ కట్టి ఉంటే అది ఊపిరితిత్తులకు చేరవచ్చు. పిక్కను మర్దన చేయకుండా ఇప్పుడే తీసుకువెళ్లి, కాలికి డాప్లర్ స్కాన్ (రక్తనాళాల్లో రక్త ప్రవాహాన్ని చూసే పరీక్ష) అవసరమా అని అడగండి. దారిలో ఆయాసం, ఛాతీ నొప్పి మొదలైతే దగ్గర్లోని అత్యవసర విభాగానికే వెళ్లండి.