స్కూల్ కౌన్సెలర్ మా బాబు ఏం చెప్పాడో మాకు చెప్పనంటున్నారు, ఇది సరైనదేనా?

ఖమ్మం_అమ్మ:
మా బాబు తొమ్మిదో తరగతి, ప్రైవేటు స్కూలు. దసరా సెలవులు అయిన దగ్గర్నుంచి సోమవారం పొద్దున లేస్తే కడుపునొప్పి అంటున్నాడు. పిల్లల డాక్టరుకి చూపించాం, స్కానింగ్ తీయించాం, అంతా నార్మలే. నాటకాలాడుతున్నాడని వాళ్ల నాన్న రెండుసార్లు గట్టిగా కేకలేశారు కూడా. లంచ్ బాక్సు మాత్రం వారంలో మూడు రోజులు మూత కూడా తీయకుండా ఇంటికొస్తోంది, వాడికి ప్రాణమైన బంగాళదుంప వేపుడు పెట్టినా అంతే.

పోయిన వారం స్కూల్ కౌన్సెలర్ మేడమ్ మమ్మల్ని పిలిపించారు. వాడితో ఇప్పటికే మూడుసార్లు మాట్లాడారట, ఇంకొన్నాళ్లు మాట్లాడాలన్నారు. ఏం చెప్పాడండీ అని అడిగితే, "ప్రమాదం అనిపించే విషయమైతే ఆ రోజే మీకు ఫోన్ చేసేదాన్ని, మిగతాది బాబే మీకు చెప్పుకునేలా చూస్తాను" అన్నారు. కన్నతల్లిని, నాకు చెప్పకపోవడమేంటి? రాత్రంతా నిద్ర లేదు. మా అత్తగారేమో నలుగురికీ తెలిస్తే పిచ్చి అంటారు, ఈ కౌన్సెలింగ్ మాన్పించెయ్యమంటున్నారు. మాన్పించాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_కౌన్సెలర్:
అక్కా, నేను ఎనిమిదేళ్లుగా స్కూళ్లలో ఇదే పని చేస్తున్నాను. ఆవిడ చేసింది సరైన పనే, దయచేసి మాన్పించకండి. పిల్లలు గదిలోకి వచ్చి కూర్చోగానే ముందు అడిగేది ఒకటే, "మా ఇంట్లో చెప్తారా మేడమ్?" అని. చెప్తామంటే అక్కడితో నోరు మూతపడుతుంది. అందుకే మొదటి రోజే హద్దులు చెప్పేస్తాం: నీకు నువ్వు హాని చేసుకోవాలనుకున్నా, ఇంకొకరికి చెయ్యాలనుకున్నా, నిన్నెవరైనా హింసిస్తున్నా నేను దాచలేను, మిగతాదంతా మన మధ్యే ఉంటుంది అని. లైంగిక వేధింపుల సంగతైతే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, అందులో మాకు వేరే దారే లేదు.

కడుపునొప్పి నాటకం కాదు. టెస్టులన్నీ నార్మల్ వచ్చినా ఆ నొప్పి నిజంగానే ఉంటుంది, భయం చాలామంది పిల్లల్లో మాటగా కాకుండా ఇలా కడుపునొప్పిగానో తలనొప్పిగానో బయటికొస్తుంది. సోమవారం పొద్దున మొదలై సెలవు రోజుల్లో పోతోందంటే స్కూల్లోనో, దారిలోనో ఏదో ఉందని.

మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆవిడ ఏం చదువుకున్నారు, వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, ఇంట్లో మేమేం మార్చుకోవాలి, ఏ పరిస్థితిలో సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతారు (మందులు రాసేది వాళ్లే, మేము కాదు). ఇవి అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది.

డిగ్రీ_సెకండియర్:
ఆంటీ, ఆ మేడమ్ నోరు విప్పనందుకు సంతోషించండి, నిజంగా. నేను టెన్త్‌లో ఉన్నప్పుడు మా ఇంగ్లిష్ టీచర్‌కే కౌన్సెలర్ డ్యూటీ కూడా వేశారు. ప్రిన్సిపల్ రూమ్ పక్కన అద్దాల గది, లోపల ఎవరు కూర్చుని ఏడుస్తున్నారో వరండాలో వెళ్లేవాళ్లందరికీ కనబడుతుంది. నేను చెప్పింది సాయంత్రానికల్లా స్టాఫ్‌రూమ్‌లో తెలిసిపోయింది, మర్నాడు క్లాసులో మా లెక్కల సార్ దాని మీద జోకేశారు. ఆ తర్వాత ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. వీకెండ్ టెస్ట్ ర్యాంకులు మెస్ గోడకి అంటించేవాళ్లు, ర్యాంకు పడిపోతే సెక్షన్ మార్చేసేవాళ్లు, పుస్తకాలు పట్టుకుని పక్క బ్లాక్‌కి నడిచి వెళ్తుంటే అందరూ చూసేవాళ్లు. అక్కడా కౌన్సెలింగ్ అనేవాళ్లు, కానీ అందులో మాట్లాడేది మార్కులు ఎలా పెంచాలనే. ఎలా ఉన్నావని ఎవరూ అడగలేదు.

జడ్పీ_టీచర్_శ్రీకాకుళం:
పై అమ్మాయి చెప్పింది చదివి మనసు బరువెక్కింది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పిచ్చింది కదా. 100 మంది, అంతకు మించి విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలని, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదని, పిల్లల్ని అందరి ముందూ అవమానించకూడదని చెప్పింది. మా స్కూల్లో 340 మంది, కౌన్సెలర్ లేరు. మా ఇద్దరు టీచర్లకు ఆయుష్మాన్ భారత్ స్కూల్ హెల్త్ అనే ప్రభుత్వ కార్యక్రమం కింద కొద్ది రోజుల ట్రైనింగ్ ఇచ్చారు, అంతే. అది చాలదని నాకు తెలుసు.

ఉన్నదాంతోనే చేస్తున్నాను. మధ్యాహ్న భోజనం దగ్గర గుడ్డు తినకుండా పక్కవాళ్ల కంచంలో వేసేసే పిల్లల్ని గమనిస్తాను. మ్యాపులు మోయడానికి సాయం రమ్మని ఒక్కర్నే పిలిచి, నడుస్తూ మాట్లాడతాను, ఎదురుగా కూర్చోబెడితే చెప్పని మాట పక్కన నడుస్తుంటే చెప్తారు. పోయినేడాది ఒక పాప "నేను లేకపోతే ఇంట్లో ఖర్చు తగ్గుతుంది" అంది. చనిపోవాలనిపిస్తోందా అమ్మా అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్లకు భయం, పుట్టదు, అడిగినందుకు పాప భోరున ఏడ్చి అంతా చెప్పింది. తనను ఒంటరిగా వదల్లేదు, పక్కన కూర్చుని టెలిమానస్ (మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేశాం, తెలుగులోనే మాట్లాడారు, ఇరవై నాలుగు గంటలూ ఉచితం. ఆ సాయంత్రమే వాళ్లమ్మని పిలిపించి, మర్నాడు జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టుకి చూపించాం. పాప ఇప్పుడు పదో తరగతి. అమ్మా, ఆ నంబరు మీరూ రాసిపెట్టుకోండి, పెద్దవాళ్లు కూడా చెయ్యొచ్చు. నిద్ర లేదన్నారుగా.

ఖమ్మం_అమ్మ:
అందరికీ దండాలు. మాన్పించట్లేదు. కేకలేసినందుకు వాళ్ల నాన్న వాడికి సారీ చెప్పారు, మా ఇంట్లో అలాంటిది ఇదే మొదటిసారి. టీచర్ గారు చెప్పినట్టే ఎదురుగా కూర్చోబెట్టకుండా నిన్న సాయంత్రం ఇద్దరం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాం. చాలాసేపటికి, స్కూల్ బస్సులో వెనక సీట్లో కూర్చునే పెద్ద క్లాసు పిల్లలు వాడి బాక్సు లాక్కుని ఏదో చేస్తారని మాత్రం అన్నాడు, అది కూడా కాయ వంక చూస్తూనే. నేనేమీ అడగలేదు, అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. మేడమ్‌కి ఇది చెప్పనా అంటే "నేనే చెప్తా, నువ్వూ రా" అన్నాడు. బుధవారం ముగ్గురం వెళ్తున్నాం.