రెండవ థెస్సలొనీకయులకు 2వ అధ్యాయం ప్రకారం ఎత్తబడుట శ్రమలకు ముందా, తరువాతా?

ప్రశ్న: నరసాపురం విశ్వాసి

సహోదరులందరికీ ప్రభువు నామమున వందనములు. మా సంఘంలో యౌవనస్థుల బైబిలు తరగతికి థెస్సలొనీకయుల పత్రికలు రెండూ వరుసగా బోధించే బాధ్యత నాకు అప్పగించారు. మొదటి పత్రిక 4వ అధ్యాయం వరకు ఇబ్బంది లేదు. క్రీస్తునందు మృతులైనవారు మొదట లేస్తారని, సజీవులుగా మిగిలినవారు వారితో కూడ మేఘాల మీద కొనిపోబడతారని (దీన్నే ఎత్తబడుట అంటాము) అందరూ ఒప్పుకొంటారు. చిక్కు రెండవ పత్రిక 2వ అధ్యాయంలో వచ్చింది. మొదటి వచనంలో పౌలు ప్రభువు రాకడనూ మనం ఆయన యొద్ద కూడుకొనడాన్నీ కలిపి ప్రస్తావించి, మూడవ వచనంలో భ్రష్టత్వం సంభవించి పాపపురుషుడు, అంటే క్రీస్తు విరోధి, బయలుపడితేనే గాని ఆ దినం రాదంటున్నాడు. మేము చిన్ననాటి నుండి విన్నది మాత్రం, సంఘం ఎత్తబడిన తరువాతే క్రీస్తు విరోధి బయలుపడతాడని, ఆపైన లోకం మీదికి ఏడేండ్ల శ్రమల కాలం వస్తుందని. ఈ రెండూ ఎలా పొసగుతాయని తరగతిలో ఒక డిగ్రీ విద్యార్థి అడిగితే వచ్చే ఆదివారం చెబుతానన్నాను. శ్రమలకు ముందే ఎత్తబడతామని నమ్మేవారు ఈ వచనాన్ని ఎలా వివరిస్తారు? ఈ బోధ మన గోదావరి డెల్టాకు మొదటి మిషనరీలతోనే వచ్చిందా?

జవాబు: సంఘ పెద్ద, కాకినాడ

సహోదరుడు గారికి వందనములు. నేను శ్రమలకు ముందే ఎత్తబడుట జరుగుతుందని నమ్మేవాడిని కాబట్టి ఆ పక్షం నుండే చెబుతాను. ముందుగా రెండవ వచనం చూడండి. ఆ విశ్వాసులను బెదరగొట్టింది ప్రభువు దినం ఇప్పటికే వచ్చేసిందన్న మాట. శ్రమల గుండా సంఘం వెళ్ళవలసిందేనని పౌలు వారికి ముందే నేర్పి ఉంటే, ఆ మాట విన్నవారు ప్రభువు రాక దగ్గరపడిందని ధైర్యం తెచ్చుకోవలసింది. బెదిరిపోయారంటే తాము ఎత్తబడకుండా మిగిలిపోయామేమోనన్న భయమే కారణమని మా అవగాహన. ప్రభువు దినమంటే ఒక్క రోజు కాదు, దేవుని ఉగ్రత కుమ్మరింపబడే కాలమంతా. మూడవ వచనం ఆ కాలం ఆరంభానికి గుర్తు చెబుతోందే తప్ప ఎత్తబడుటకు గుర్తు చెప్పడం లేదు. 6, 7 వచనాలలో పాపపురుషుడు బయలుపడకుండా అడ్డగించువాడు సంఘంలో నివసించే పరిశుద్ధాత్మ అనీ, సంఘం తీయబడినప్పుడు ఆ అడ్డు తొలగిపోతుందనీ మా పెద్దలు బోధించారు. దీనికి తోడు, దేవుడు మనలను ఉగ్రతకు నియమించలేదన్న మొదటి పత్రిక 5:9, దానియేలు 9వ అధ్యాయంలోని డెబ్బదియవ వారం (ఆ ఏడేండ్ల శ్రమల కాలంగా మేము భావించేది) ఇశ్రాయేలు ప్రజలకు సంబంధించినదన్న విషయం కూడా చెప్పండి.

ఒక వాదన మాత్రం తరగతిలో వాడవద్దని నా సలహా. ప్రకటన గ్రంథం 4వ అధ్యాయం మొదలు శ్రమల వర్ణన ముగిసేదాకా సంఘం ప్రస్తావన లేదు కాబట్టి సంఘం అప్పటికే పరలోకంలో ఉందని మనవారు తరచుగా చెబుతారు. అదే అధ్యాయాలలో భూమి మీద పరిశుద్ధులు శ్రమపడుతున్నారని కూడా ఉంది. చెప్పని మాట మీద సిద్ధాంతం కడితే మీ డిగ్రీ విద్యార్థి వెంటనే పట్టుకుంటాడు.

జవాబు: చరిత్ర అభిమాని

రెండవ ప్రశ్నకు నాకు తెలిసినది చెబుతాను. బ్రదరన్ అనే క్రైస్తవ ఉద్యమానికి చెందిన మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ఇంగ్లాండు నుండి 1836లో వెంటబెట్టుకొని వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో సువార్త పని ఆరంభించాయి. శ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుందన్న బోధను ఒక క్రమంలో పెట్టి వ్యాప్తి చేసిన జాన్ నెల్సన్ డార్బీ కూడా అదే బ్రదరన్ ఉద్యమానికి చెందినవాడే. 1830ల ఆరంభంలో ఐర్లండులోని పవర్స్‌కోర్ట్ సభలలో ఈ ప్రవచనాల మీద విస్తారంగా చర్చ జరిగింది. అందుచేత మిషనరీలూ బోధా ఒకే ఓడలో వచ్చాయని అనుకోవడం సహజమే గాని, సంగతి అంత తిన్నగా లేదు. ఆ ఉద్యమంలోనే ప్లిమత్‌లో బెంజమిన్ న్యూటన్, గ్రీకు పాఠ పండితుడు ట్రెగెల్లెస్ డార్బీ క్రమాన్ని అంగీకరించలేదు. అనాథ శరణాలయాలతో ప్రసిద్ధుడైన జార్జి ముల్లర్ కూడా క్రీస్తు విరోధి ముందుగా రావలసి ఉందనే నమ్మాడు. ఆయన భార్య గ్రోవ్స్‌కు స్వయానా చెల్లెలు. అంటే మన ప్రాంతానికి మిషనరీలను పంపిన వర్గంలోనే ఈ విషయమై రెండు అభిప్రాయాలు ఉండేవి. డార్బీ క్రమం ఇంత స్థిరపడడానికి 1909లో వెలువడిన స్కోఫీల్డ్ బైబిలులో (అమెరికా బోధకుడు స్కోఫీల్డ్ వ్యాఖ్యలు చేర్చిన బైబిలు) ఉన్న వ్యాఖ్యలు పెద్ద కారణం.

రెండవ శతాబ్దపు సంఘ పితరుడు ఐరేనియస్, సంఘం క్రీస్తు విరోధి చేత తరమబడుతుందని రాశాడు. నా మొగ్గు కూడా అటే. మత్తయి 24:29–31 శ్రమ ముగిసిన తరువాతే ఏర్పరచబడినవారిని పోగుచేయడం గురించి చెబుతుంది. అయితే ఒక బోధ కొత్తది కాబట్టి తప్పనడం మాత్రం నాకు నచ్చదు. శ్రమల మధ్యలో, అంటే మూడున్నర సంవత్సరాలప్పుడు ఎత్తబడతామనేవారూ, శ్రమపడినా దేవుని ఉగ్రతకు ముందు తప్పించబడతామనేవారూ ఉన్నారు. ఈ చివరి మాటకు 1990 నుండి అమెరికాలో ప్రచారం పెరిగింది.

జవాబు: లూథరన్ బోధకుడు, గుంటూరు

మా సంఘాలలో ఈ ప్రశ్నే ఈ రూపంలో పుట్టదు. 1530 నాటి ఔగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం 17వ అధికరణం ప్రకారం లోకాంతమున క్రీస్తు తీర్పు తీర్చడానికి వస్తాడు, మృతులందరినీ లేపుతాడు. రెండు విడతల రాకడ అందులో లేదు. మొదటి పత్రిక 4:17ను మేము ఎదురుకోలు వంటి దృశ్యంగా చదువుతాము. పెండ్లికుమారుడు వస్తున్నాడని ఆడపెళ్ళివారు ఊరి పొలిమేర దాకా వెళ్ళి ఆయనను తమ ఊరిలోకే తోడ్కొని వస్తారు గాని ఆయనతో వెనక్కి వెళ్ళిపోరు కదా! అపొస్తలుల కార్యములు 28:15లో రోమా సహోదరులు అప్పీయా సంతపేట వరకు వచ్చి పౌలును ఎదుర్కొన్నది కూడా ఆయనతో కలిసి రోమాకు తిరిగి వెళ్ళడానికే. ఇక అడ్డగించువాడెవరన్న విషయంలో తొందరపడవద్దు. పౌలు ఉద్దేశమేమిటో తనకు తెలియదని ప్రాచీన సంఘ పితరుడు అగస్టీను అంతటివాడు ఒప్పుకొన్నాడు. 5వ వచనాన్ని బట్టి పౌలు ఆ సంగతులను థెస్సలొనీకలో నోటిమాటగా చెప్పాడు, ఆ మాటలు మనకు అందలేదు.

జవాబు: సంఘ పెద్ద, కాకినాడ

అయ్యగారు చెప్పిన ఎదురుకోలు పోలిక బాగుంది గాని, యోహాను 14:2–3కు అది సరిపోదు. తన తండ్రి యింట స్థలము సిద్ధపరచి, తిరిగి వచ్చి, తానున్న చోటికి మనలను తీసుకొనిపోతానని ప్రభువు అక్కడ వాగ్దానం చేశాడు. తోడ్కొని వచ్చే దిశ అక్కడ భూమి వైపు లేదు. అడ్డగించువాడి విషయంలో మాత్రం నేను నిశ్చయంగా రాసినంత నిశ్చయం వచనంలో లేదని ఒప్పుకొనక తప్పదు.

ప్రశ్న అడిగినవారు: నరసాపురం విశ్వాసి

అందరికీ వందనములు. ఆదివారం పాఠాన్ని మూడవ వచనంతో కాక రెండవ వచనంలోని భయంతో మొదలుపెడతాను. మా సంఘం నమ్మకం ఇదని చెప్పి, ముల్లర్ వంటివారు వేరుగా నమ్మారని కూడా దాచకుండా చెబుతాను. లూథరన్ అయ్యగారూ, యోహాను 14 గురించి పెద్దవారు లేవనెత్తిన అభ్యంతరానికి మీ జవాబు శనివారం లోపల తెలియజేయగలరా? ఆ విద్యార్థి తప్పకుండా అదే అడుగుతాడు.