ఆరు నెలలు కాకముందే పోస్ట్‌పెయిడ్ అద్దె పెంచేశారు, ఏం చేయాలి?

తెనాలిలో టైలరింగ్ షాపు నాది. ఏప్రిల్‌లో ఇంట్లో మూడు నంబర్లకీ కలిపి ఫ్యామిలీ పోస్ట్‌పెయిడ్ తీసుకున్నాం. నెలకి 599, జీఎస్టీ అదనం అని స్టోర్ కుర్రాడు కరపత్రం వెనకాల రాసి మరీ ఇచ్చాడు. జూలై బిల్లులో అద్దె 699! కస్టమర్ కేర్‌ది ఒకటే పాట: "అందరికీ పెరిగింది మేడం." వంద రూపాయలంటే నేనో చీరకి ఫాల్, పీకో చెయ్యాలి. బిల్లు కట్టకుండా అవే నంబర్లతో వేరే కంపెనీకి పోర్ట్ పెట్టేయనా?

జవాబు 1:
వద్దక్కా. గడువు దాటిన బాకీ ఉంటే పోర్టింగ్ తిరస్కరిస్తారు, పైగా లేట్ ఫీజు. ముందు కట్టేసి పోట్లాడండి. ప్లాన్‌లో చేరిన రోజు నుంచి 6 నెలల దాకా రేటు పెంచకూడదని ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధన ఉంది. తగ్గించడం వాళ్ల ఇష్టం, పెంచడం కాదు. ఏడాది రీచార్జ్ చేసినవాళ్లకైతే ఆ వ్యాలిడిటీ మొత్తం అదే రేటు.

జవాబు 2:
నోటిమాటగా వదలకండి. ఫిర్యాదు రాయించి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకోండి. తేల్చకపోతే ఆ కంపెనీలోనే అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లో అప్పీలు, ఫీజు లేదు. ట్రాయ్‌కి నేరుగా రాస్తే లాభం లేదు, విడి ఫిర్యాదులు వాళ్లు విచారించరు. అప్పీలులోనూ కాకపోతే వినియోగదారుల కమిషన్. టెలికాం కేసులు అక్కడ వేయొచ్చని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

అడిగినవారు:
డాకెట్ నంబర్ వచ్చింది. "6 నెలలు" అనగానే కస్టమర్ కేర్ అమ్మాయి లైన్ హోల్డ్‌లో పెట్టింది లెండి! కరపత్రం రెండు వైపులా ఫొటో తీసి మెయిల్ చేశా. వెల్కమ్ ఎస్సెమ్మెస్ కూడా జత చెయ్యాలా?

జవాబు 2:
తప్పకుండా. చేరిన తేదీ అందులోనే ఉంటుంది.