లాక్‌డౌన్ తర్వాత మీ పండగల్లో ఏది తిరిగి రాలేదు?

ఓళిగల పిచ్చోడు (అనంతపురం):
2020 ఉగాది గుర్తుందా? మార్చి 25, దేశమంతా లాక్‌డౌన్ మొదటి రోజు. ముందురోజు రాత్రి 8 గంటలకు టీవీలో చెప్పగానే నాయన సంచి పట్టుకొని అంగడికి పరుగెత్తాడు, బెల్లం అయిపోయింది. వేపపూతకేం, వీధి చివర చెట్టు నిండా ఉంది. పచ్చడి చక్కెరతోనే కానిచ్చాం, ఓళిగలు (బొబ్బట్లు) లేవు. మా ఇంట్లో 50 ఓళిగలు కాలిస్తే 30 పక్కిండ్లకే పోయేవి. ఆ ఏడంటే సరే, కరోనా పోయి ఇన్నేండ్లయినా గిన్నెలు తిరగడం మళ్లీ మొదలు కాలేదు. వాట్సాప్‌లో ఓళిగ ఫోటో వస్తుంది, అంతే. మా వీధి ఒక్కటేనా ఇట్ల?

కడప పాతబస్తీ:
మా నానీ ప్రతి ఉగాదికీ చింతపండు, బెల్లం, కందిపప్పు మూటకట్టి తెల్లారేసరికి దేవుని కడప వెంకన్న గుడిలో ఉండేది. బీబీ నాంచారమ్మ మన ముస్లింల ఆడబిడ్డ, స్వామి మనకు అల్లుడు కదా అంటుంది. ఆ ఏడు గుడి మూసేస్తే మూట ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. నెలకే రంజాన్, నమాజులూ ఇంట్లోనే. గుడికి జనం మళ్లీ వచ్చారు, లైను చూస్తే కరోనా వచ్చిందనే అనిపించదు. కానీ అన్నా, నువ్వన్నది నిజమే. షీర్ ఖుర్మా ఇప్పటికీ పంపుతాం, డబ్బా కడిగి ఖాళీగా తిరిగిస్తున్నారు. ఇదివరకు పిడికెడు చక్కెరైనా వేయనిదే గిన్నె తిరిగొచ్చేది కాదు.

కొండారెడ్డి బురుజు పక్కన:
మీకు ఉగాది ఏటా వస్తుంది. కర్నూలులో మాకు తుంగభద్ర పుష్కరాలే పోయినాయి. ఆ నవంబరు 20 నుంచి 12 రోజులు, నదిలో మునగొద్దని ఘాట్ల దగ్గర షవర్లు పెట్టారు. ఎదురుగా నీళ్లు పారుతుంటే పైపు కింద నిలబడి, "దీనికి ఇంట్లో బాత్రూం లేదా?" అంది మా అత్త. మళ్లీ 2032 దాకా ఆగాలి, ఆమెకిప్పుడే మోకాళ్లు పట్టేశాయి. అదే ఏడు దసరాకు దేవరగట్టులో మాత్రం పోలీసులు వద్దు వద్దంటున్నా బన్ని కర్రల సమరానికి కర్రలు లేచినాయి, మనోళ్లు ఎక్కడ వింటారు!

పొయ్యి దగ్గర మనిషి:
50 ఓళిగలు కాల్చింది ఎవరు తమ్ముడూ, నువ్వా? పొద్దున 4కి లేచి పూర్ణం రుబ్బే పని తప్పిందని మాలో చాలామంది లోలోపల సంతోషించారు. కరోనా ఒక సాకు దొరికింది, అంతే. మీ అమ్మను అడుగు.

ఓళిగల పిచ్చోడు:
అడిగా అక్కా. "నువ్వు రుబ్బితే 100 కాలుస్తా, మిక్సీ కాదు, రోలు కడుగు పో" అంది.