సిట్జ్ బాత్ నీళ్లలో డెట్టాల్ వెయ్యాలా, వద్దా?

కొత్తమ్మ_26: నార్మల్ డెలివరీ అయ్యి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. కూర్చుంటే కుట్లు లాగుతున్నాయి, పైగా మలబద్ధకం. డాక్టరమ్మ "రోజుకి రెండు మూడుసార్లు సిట్జ్ బాత్ చెయ్యి, అంటే గోరువెచ్చటి నీళ్ల టబ్‌లో కూర్చో" అంది, అంతే, ఇంకేం చెప్పలేదు. అత్తయ్యేమో మూతెడు డెట్టాల్ పోస్తేగానీ ఊరుకోరు, అమ్మ ఫోన్ చేసి పటిక వెయ్యమంటుంది. ఎవరి మాట వినాలి?

పాలకొల్లు_పిన్ని: మీ అత్తగారి మాటే విను అమ్మాయ్. నాకు మూడు కాన్పులు, మూడింటికీ డెట్టాలే, ఏమన్నా అయ్యిందా? ఉత్త నీళ్లకి చీము ఆగుతుందా!

మందులకొట్టు_తమ్ముడు: పిన్నిగారూ, కోప్పడకండి. ఇక్కడ పనిచేసేది మందు కాదు, వేడి. కింద బిగుసుకున్న కండరం వదులవుతుంది, నొప్పి తగ్గుతుంది. పుండు దీనివల్లే త్వరగా మానుతుందని గట్టిగా చెప్పలేం గానీ హాయి మాత్రం ఖాయం. పచ్చి కుట్ల మీద యాంటీసెప్టిక్ పడితే మంట, చర్మం ఎండి దురద. డాక్టర్ బెటాడిన్ లాంటిది రాసిస్తే వేరే సంగతి, అప్పుడు వాళ్లు చెప్పిన కొలతే. పొటాషియం పర్మాంగనేట్ అయితే మరీ జాగ్రత్త, నీళ్లు లేత గులాబీ రంగు దాటకూడదు, కరగని పలుకు తగిలితే చర్మం కాలుతుంది.

భీమవరం_రాజు: అసలు వేడినీళ్లేంటండీ? కటిస్నానం అంటే చన్నీళ్లు. జర్మనీ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే చెప్పిందీ, గాంధీగారు చేసిందీ అదే.

పాలకొల్లు_పిన్ని: పచ్చి బాలింతని చన్నీళ్లలో కూర్చోబెడతారా రాజుగారూ! మీ ఇంట్లో ఆడవాళ్లు లేరా?

మందులకొట్టు_తమ్ముడు: ఇక్కడ నేను పిన్నిగారి పార్టీ 😄 రాజుగారూ, కూనే పద్ధతిలో తొట్టిలో కూర్చుని పొట్ట కింద గుడ్డతో రుద్దుతారు, అది జీర్ణానికని చేసేది. ఇది కుట్లకీ, మొలలకీ, ఫిషర్‌కీ (మలద్వారం దగ్గర చీలిక). కాన్పైన మొదటి రోజు వాపుకి ఐస్ పెడతారు, చల్లదనం సంగతి అంతవరకు ఒప్పుకుంటా.

ఫిషర్_వీరుడు: కుట్లు కాదుగానీ నాలుగు నెలలు టబ్‌లో కూర్చున్న అనుభవంతో చెప్తున్నా అక్కా. కమోడ్ మీద పెట్టే ప్లాస్టిక్ టబ్ మందుల షాపుల్లో దొరుకుతుంది, సీటు ఎత్తేసి అంచు మీద ఆనేలా పెట్టుకో. నాలుగంగుళాల నీళ్లు చాలు, నిండా పోస్తే కూర్చోగానే పొంగి చీరంతా తడుస్తుంది. మోచెయ్యి ముంచి చూడు, చురుక్కుమంటే చన్నీళ్లు కలుపు. పది, పదిహేను నిమిషాలు, ముఖ్యంగా దొడ్డికెళ్లొచ్చాక. తర్వాత మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి, రుద్దకూడదు. నేనొకసారి ఫోన్ చూస్తూ అరగంట కూర్చుండిపోయా, ఫోన్ మోగిందని గబుక్కున లేచేసరికి కళ్లు బైర్లు కమ్మి కొళాయి పట్టుకుని వేలాడా. నీ పక్కన ఎవరో ఒకరు ఉండాలి, టబ్ ప్రతిసారీ సబ్బుతో కడగాలి. జ్వరం, చీము, వాసన వస్తే మాత్రం టబ్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పరిగెత్తు.

కొత్తమ్మ_26: ఇవాళ పొద్దున ఉత్త నీళ్లతోనే కూర్చున్నా, వారం తర్వాత మొదటిసారి ఏడవకుండా లేచా. ఇదంతా అత్తయ్యకి చదివి వినిపిస్తే మూతెడు కాస్తా అరమూతకి దిగారు. సీసా బీరువాలో చీరల వెనక దాచేశా. అమ్మ పటిక కొరియర్ చేసిందట.

పాలకొల్లు_పిన్ని: బీరువాలో వెతకమని మీ అత్తగారికి చెప్పనా?