1378లో పోప్ ఆరవ అర్బన్ ఎన్నిక చెల్లినట్టా, చెల్లనట్టా?

చరిత్రబడి

2025 మే కాన్‌క్లేవ్‌లో (పోప్‌ను ఎన్నుకోవడానికి కార్డినల్స్ అనే చర్చి పెద్దలు తలుపులు మూసుకుని జరిపే సమావేశంలో) మన హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారు కూడా ఓటు వేశారు కదా. అప్పటి నుంచి పాత కాన్‌క్లేవ్‌ల గురించి చదువుతూ 1378 దగ్గర ఆగిపోయాను. తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. 1309 నుంచి పోప్‌లు రోమ్ వదిలి, ఇప్పటి ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో ఉండిపోయారు. పదకొండవ గ్రెగరీ 1377 జనవరిలో రోమ్‌కు తిరిగొచ్చి, మరుసటి ఏడాది మార్చి 27న చనిపోయారు. ఏప్రిల్ 7న 16 మంది కార్డినల్స్ వాటికన్‌లో కాన్‌క్లేవ్‌కు కూర్చున్నారు. వాళ్లలో 11 మంది ఫ్రెంచివాళ్లు, నలుగురు ఇటాలియన్లు, ఒకరు స్పెయిన్ దేశస్థుడు. బయట జనం "రోమ్ మనిషి కావాలి, కనీసం ఇటలీ మనిషైనా కావాలి" అని ఒకటే అరుపులు. మర్నాడే బారీ ఆర్చిబిషప్ బార్తొలొమియో ప్రిన్యానోను ఎన్నుకున్నారు. ఆయనే ఆరవ అర్బన్. ఆగస్టుకల్లా ఆ కార్డినల్సే "ప్రాణభయంతో ఓటు వేశాం, ఆ ఎన్నిక చెల్లదు" అన్నారు. సెప్టెంబర్ 20న ఇటలీలోనే ఫోందీ అనే ఊళ్లో తమలో ఒకరైన జెనీవా రాబర్ట్‌ను ఏడవ క్లెమెంట్ పేరుతో ఇంకో పోప్‌గా ఎన్నుకున్నారు. అలా మొదలైన చీలిక 1417లో గానీ ముగియలేదు.

ఏప్రిల్ ఎన్నిక చెల్లదని నా అభిప్రాయం. ఆ రోజు లోపల ఏం జరిగిందో చూడండి. జనం తలుపులు బద్దలుకొట్టి లోపలికి వచ్చేశారు. కార్డినల్స్ హడలిపోయి, రోమ్‌కే చెందిన తెబల్దెస్కి అనే ముసలి కార్డినల్‌ను పట్టుకొచ్చి పోప్ ఆసనం మీద కూర్చోబెట్టారు. ఆ పెద్దాయన "నేను పోప్‌ను కాదు" అని మొత్తుకుంటూనే ఉన్నారు. మిగతావాళ్లు ఆ సందట్లో పారిపోయారు. స్వేచ్ఛగా ఓటు వేసినవాళ్లు చేసే పనేనా ఇది?

వకీలు_గోదావరి

మీరు చెప్పిన సంఘటనే మీ వాదనకు అడ్డం తిరుగుతుందండీ. జనం మొదట అడిగింది రోమ్ మనిషిని. ఆ గదిలోనే రోమ్‌వాళ్లు ఇద్దరున్నారు: తెబల్దెస్కి, ఓర్సీని. ప్రాణభయమే ఓటు వేయించి ఉంటే ఇద్దరిలో ఒకరి పేరు చెప్పి బయటపడేవాళ్లు. వాళ్లు ఎన్నుకున్నది నేపుల్స్ మనిషిని. జనం ఒప్పుకోరనే తెబల్దెస్కిని ముందు పెట్టాల్సి వచ్చింది. భయం ఉంది, కాదనను. కానీ ఆ భయం పేరును నిర్ణయించలేదు.

చరిత్రబడి

"కనీసం ఇటలీ మనిషి" అన్న మాటను మీరు వదిలేస్తున్నారు. 16 మందిలో 11 మంది ఫ్రెంచివాళ్లు. బయట గుంపే లేకపోతే వాళ్లు ఇటాలియన్‌ను ఎందుకు ఎన్నుకుంటారు?

తెనాలి_చదువరి

ఆ 11 మందీ ఒక మాట మీద ఉంటే కదా! అంతకు ముందు పోప్‌ల వల్ల ఫ్రాన్స్‌లోని లిమోజ్ ప్రాంతం వాళ్ల పలుకుబడి బాగా పెరిగింది. మళ్లీ వాళ్లలోంచే పోప్ వస్తే మిగతా ఫ్రెంచివాళ్లకు గిట్టదు. గెలవడానికి కావలసిన మూడింట రెండొంతుల ఓట్లు ఎవరికీ వచ్చే దారి లేదు. ప్రిన్యానో అవిన్యోన్‌లో ఏళ్ల తరబడి పోప్ కార్యాలయంలో పని చేసిన మనిషి, చర్చి చట్టం తెలిసినవాడు. నేపుల్స్‌ను ఏలేదీ ఫ్రెంచి మూలాల రాజవంశమే. కార్డినల్ కాదు కాబట్టి చెప్పినట్టు వింటాడనుకున్నారు. కాన్‌క్లేవ్‌కు ముందే ఆయన పేరు మాటల్లో నలిగింది.

వకీలు_గోదావరి

అసలు సంగతి ఏప్రిల్ 8 తర్వాతే ఉంది. బలవంతంగా చేయించిన ఒప్పందాన్ని, బలవంతం పోయాక కూడా మనమే అమలు చేస్తూ పోతే అది మన ఒప్పందమే అవుతుంది. ఏప్రిల్ 18న ఈస్టర్ ఆదివారం ఈ కార్డినల్సే ఆయనకు కిరీటం పెట్టారు. మర్నాడు అవిన్యోన్‌లో ఉండిపోయిన తోటి కార్డినల్స్‌కు, స్వేచ్ఛగా ఎన్నుకున్నామని ఉత్తరం రాశారు. తమకూ తమవాళ్లకూ పదవులు, ఆదాయాలు ఇప్పించమని ఆయన్నే అడిగారు. పోప్ కానివాడిని ఎవరైనా అలా అడుగుతారా?

చరిత్రబడి

ఉత్తరం రాసింది ఎక్కడి నుంచి? ఆ రోమ్ నుంచే కదా! గుంపు ఇళ్లకు వెళ్లిపోయింది గానీ ఊరు మారలేదు. ఎండలు ముదిరాయని చెప్పి కార్డినల్స్ రోమ్ వదిలి అనాగ్నీ అనే ఊరు చేరాకే నోరు తెరవగలిగారు. నోరు తెరిచే వీల్లేనప్పుడు ఊరుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టేనంటే నేను ఒప్పుకోను.

తెనాలి_చదువరి

ఊరుకోవడం వేరు, వరాలు అడగడం వేరు. నా మటుకు నాకు వాళ్ల మనసు మార్చింది గుంపు కాదు, అర్బన్ నోరు. కిరీటం పెట్టిన మర్నాడే, పీఠాలు వదిలి రోమ్‌లో మకాం పెట్టిన బిషప్‌లను మాట తప్పినవాళ్లని అందరి ముందూ కడిగేశారు. ఓర్సీనిని మూర్ఖుడన్నారు. లిమోజ్ కార్డినల్ మీద చెయ్యి చేసుకోబోతే ఆపాల్సి వచ్చింది. విందుల్లో ఒక్క వంటకమే ఉండాలని, లంచాలు మానాలని ఆయన అన్నది సబబే. ఆ చెప్పే తీరుకే మనుషులు దూరమయ్యారు. ఆయన పక్షాన గట్టిగా నిలిచిన సియెనా పునీత కేథరిన్ కూడా కాస్త మెత్తబడమని ఉత్తరం రాయాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కుంది. మతభ్రష్టత్వం తప్ప ఇంకే కారణంతోనూ పోప్‌ను దించే దారి చర్చి చట్టంలో లేదు. కోపిష్ఠి అని దించలేరు, పాలన చేతకాదని దించలేరు. ఇక మిగిలింది ఒక్కటే: అసలు ఎన్నికే జరగలేదనడం. ఏప్రిల్‌లో నిజంగానే ఉన్న భయం ఆగస్టులో వాళ్లకు అక్కరకు వచ్చింది.

బైబిల్_విద్యార్థి

1385 సంగతి ఎవరూ ఎత్తలేదేం? తాను కిరీటం పెట్టిన నేపుల్స్ రాజు చార్లెస్‌తోనే అర్బన్‌కు చెడింది. తన మీద కుట్ర చేశారని ఆరుగురు కార్డినల్స్‌ను నొచేరా కోటలో బంధించి చిత్రహింసలు పెట్టించారు. ఆ ఆరుగురూ ఆయనే నియమించినవాళ్లు. ఇంగ్లండ్ రాజు అడ్డుపడటంతో ఆడమ్ ఈస్టన్ ఒక్కరు బతికారు, మిగతా ఐదుగురి ఆచూకీ లేదు. ఇలాంటి మనిషిని వదిలించుకోవాలని చూసినవాళ్లను ఎలా తప్పుపడతాం?

వకీలు_గోదావరి

అది చదివితే నాకూ కడుపు రగిలిపోతుందండీ. కానీ ఏడేళ్ల తర్వాత చేసిన క్రూరత్వంతో 1378 ఓటును కొలవలేం. పైగా వాళ్లు ఎంచుకున్న జెనీవా రాబర్ట్ చేతులకూ నెత్తురుంది. 1377లో చెసేనా ఊరి జనాన్ని ఊచకోత కోయించింది ఆయన కిరాయి సైన్యమే.

చరిత్రబడి

క్రూరత్వం పక్కన పెడదాం, ఒప్పుకుంటాను. కానీ స్పెయిన్‌లోని కాస్టిల్ రాజ్యపు రాజు మెదీనా దెల్ కాంపో ఊళ్లో రెండు పక్షాల సాక్షులనూ నెలల తరబడి విచారించి, 1381లో క్లెమెంట్ వైపే మొగ్గారు. సాక్ష్యాలన్నీ విన్నాక వచ్చిన తీర్పును రాజకీయమని కొట్టిపారేయడం నా వల్ల కాదు.

తెనాలి_చదువరి

కాస్టిల్‌కు ఫ్రాన్స్ మిత్రదేశం, ఫ్రాన్స్ క్లెమెంట్ పక్షం. ఫ్రాన్స్‌తో పోరాడుతున్న ఇంగ్లండ్ అర్బన్ పక్షం. ఇంగ్లండ్‌తో పడని స్కాట్లండ్ మళ్లీ క్లెమెంట్ పక్షం. కతోలిక శ్రీసభ నేటి జాబితాలో అర్బనే పోప్. 1523లో వచ్చిన ఇంకో పోప్ కూడా ఏడవ క్లెమెంట్ అనే పేరే పెట్టుకున్నారంటే, మొదటాయన్ను లెక్కలోంచి తీసేసినట్టే. కానీ చీలికను ముగించిన కాన్‌స్టాన్స్ చర్చి మహాసభ 1378 మీద తీర్పు చెప్పలేదు. అప్పటికి నేనే పోప్‌నంటున్న ముగ్గురిలో ఒకరి రాజీనామా తీసుకుని, ఇద్దరిని తొలగించి, 1417లో ఐదవ మార్టిన్‌ను ఎన్నుకుంది.

నేనైతే ఇటాలియన్ కార్డినల్స్ ఏం చేశారో చూస్తాను. తెబల్దెస్కి పోగా మిగిలిన ముగ్గురూ ఏప్రిల్‌లో ఆ గదిలో ఉన్నవాళ్లే. ఫోందీకి వెళ్లారు, క్లెమెంట్‌కు ఓటు వేయలేదు. అలాగని అర్బన్ దగ్గరికీ తిరిగి వెళ్లలేదు. మహాసభ పిలిచి తేల్చమన్నారు. ఓర్సీని 1379లో చనిపోయేదాకా అదే మాట మీద ఉన్నారు.